అనుమతి లేని చూలు

ఏ పొట్టేలుకూ అనుమతి లేని కాలంలో ఫారంలోని ఆడగొర్రెలన్నీ చూలు కట్టి ఉన్నాయని కనిపెట్టిన క్షణంలో డాక్టర్ షంషాద్ మెడలోని స్టెతస్కోపు జారి నీళ్లతొట్టిలో పడింది.

ఆమె దాన్ని తియ్యలేదు. పక్క గొర్రెను పట్టుకుంది. కడుపు కింద రెండు చేతులూ చేర్చి మెల్లగా పైకెత్తి వదిలింది. లోపల గుండ్రంగా, గట్టిగా ఏదో వచ్చి అరచేతికి తగిలింది. ఇంకో గొర్రె. అక్కడా అంతే. ఆ పక్కది. దానికైతే కవలలు.

"యా అల్లా!" అంది షంషాద్.

గొర్రెలు నెమరు వేస్తూ ఆమెను ప్రశాంతంగా చూశాయి. వాటికి దాచుకోవాల్సిందేమీ లేదు.

రాళ్లకుంట ప్రభుత్వ గొర్రెల ఫారానికి షంషాద్ డాక్టరు. చలికాలం మొదట్లో కోస్తాలో తుపాను వచ్చి పశువులు కొట్టుకుపోతే పశుసంవర్ధక శాఖ ఆమెను అక్కడికి పంపింది. తుపాను మర్నాటికే వెళ్లిపోయింది. ఆమెను వెనక్కి రమ్మనే కాగితం మాత్రం చలికాలమంతా నడిచి నడిచి, నిన్ననే చేరింది.

గొర్రెకు చూలు ఐదు నెలలు. ఇప్పుడు మార్చి. చేతికి తగిలిన పిండాల పరిమాణాన్ని బట్టి చూస్తే ఈతలు సరిగ్గా రోహిణి కార్తెలో పడతాయి. బండలు కాలే ఎండ. పచ్చి పరక కనపడని బీడు. పాలు లేని తల్లి, దాని పక్కన తడి ఆరని పిల్ల. ఆ తర్వాత ఏం జరుగుతుందో ఊహించుకోవడానికి ఆమెకు ధైర్యం చాలలేదు.

ఇలా జరగకూడదనే కదా ఆ గోనెపట్టా కట్టేది! వానలు పడ్డాక పొట్టేళ్లను మందలో వదిలితే చలికాలం మొదట్లో పిల్లలు పుడతాయి. అప్పటికి గడ్డి ఉంటుంది, తల్లికి పాలుంటాయి, పిల్ల నిలబడుతుంది. మిగతా కాలమంతా మందతోపాటే మేసే ప్రతి పొట్టేలుకూ పొట్టకింద ఒక గోనెపట్టా వేలాడగడతారు. పొట్టేలు ఎంత ఆరాటపడ్డా ఆ పట్టా అడ్డం పడుతుంది. ఆ సీమలో గొర్రెలు కాసే ప్రతి ఇంట్లోనూ తెలిసిన పనే అది.

షంషాద్ పొట్టేళ్ల దొడ్డికి పరిగెత్తింది.

దొడ్డి మధ్యలో పాలెగాడు అనే పెద్ద పొట్టేలు నిలబడి ఉంది. ఎర్రటి ఒళ్లు, మెలితిరిగిన కొమ్ములు, ఎవరినీ లెక్కచెయ్యని చూపు. కరువు వచ్చినప్పుడల్లా చుట్టుపక్కల మందలు పలచబడినా, ఈ పొట్టేలుకు పుట్టిన పిల్లలు మాత్రం ముళ్లకంపలు కొరుక్కుని బతికాయి. ఫారం పేరు నిలబెట్టింది అదే. ఇప్పుడు దాని వీపు మీద ఆకుపచ్చ కోటు ఉంది. జరీ అంచు, మెడ దగ్గర కుచ్చు, నడుం మీద శాఖ ముద్ర. పొట్టకింద మాత్రం ఏ అడ్డూ లేదు. మిగతా పొట్టేళ్లదీ అదే వేషం.

"ఉజ్జినప్పా! ఇదేంది?"

ఫారంలో చాలాకాలంగా కాపరిగా ఉన్న ఉజ్జినప్ప తలగుడ్డ సర్దుకుంటూ వచ్చాడు.

"కోటు, డాక్టరమ్మా."

"కోటని కనపడతాంది. పొట్టకింద పట్టా ఏమైంది?"

"అదే ఇది. పైకొచ్చింది."

"ఎట్లొచ్చింది?"

"కొత్త డైరెక్టరు సారొచ్చినాడు కదమ్మా, నువ్వు తుపానుకు పోయిన వారానికే. కారు దిగీ దిగంగానే పాలెగాణ్ణి చూసి మొగం మాడ్చుకున్న్యాడు. 'ఏమయ్యా, దుప్పటి జారి పొట్టకిందికి పోతే పట్టించుకోవా? చలి పైనుంచి పడుతుందా, కిందినుంచా?' అన్న్యాడు."

"నువ్వేమన్న్యావు?"

"పైనుంచే సార్ అన్న్యా."

"అది దుప్పటి కాదని చెప్పలేకపోతివా?"

"ఆయప్ప అడగల్యా మా. చలి సంగతే అడిగినాడు."

ఉజ్జినప్ప తన ఉద్యోగ జీవితంలో ఏ అధికారికీ 'అవును సార్' తప్ప ఇంకో జవాబు చెప్పి ఎరగడు. అందుకే ఇంతమంది అధికారులు మారినా ఆయన మారలేదు.

"గోనె బాగలేదని కొత్త గుడ్డ తెప్పించినాడు" అన్నాడు ఉజ్జినప్ప. "సారు ముందు చేనేత శాఖలో ఉండె. గుడ్డ విషయంలో శానా పట్టింపు. కొలతలు కూడా ఆయప్పే తీసినాడు. పాలెగాడు కుమ్మబోతే ఈడనే పట్టుకున్న్యా."

"పట్టుకోకపోయింటే బాగుండు" అంది షంషాద్. అంటూనే ఆకుపచ్చ కోటు విప్పేసి, కొట్టంలో మూల పడున్న గోనెపట్టాను పొట్టేలు పొట్టకింద బిగించింది. పాలెగాడు ఆమెను అసహ్యంగా చూసింది. కానీ ఇప్పుడు కట్టి ఏం లాభం? జరగాల్సింది చలికాలంలోనే జరిగిపోయింది.

ఆమె ఉన్నదున్నట్టు నివేదిక పంపింది. డైరెక్టరు గారి ఆదేశంతో పట్టా వీపు మీదికి చేరినందువల్ల గొర్రెలు అకాలంలో చూలు కట్టాయని, చివరి నెలల్లో వాటికి దాణా, మేతకు శెనక్కాయ కట్టె, నీడకు కొత్త పందిళ్లు వెంటనే కావాలని రాసింది.

ప్రధాన కార్యాలయం నుంచి జవాబు ఆశ్చర్యపోయేంత తొందరగా వచ్చింది.

"గౌరవ డైరెక్టరు వారి ఉత్తర్వుల వలన గొర్రెలు చూలు కట్టిన దాఖలాలు శాఖ చరిత్రలో లేవు" అంటూ మొదలైంది ఆ జవాబు. "జతకాలమునకు అనుమతి మంజూరు కానందున సదరు చూలు అనధికారికమైనదిగా పరిగణించడమైనది. అనధికార చూలుకు అధికారిక మేత వినియోగించుట నిబంధనలకు విరుద్ధము. కావున ఈతలను వర్షాకాలము వరకు వాయిదా వేసి, వాయిదా వేసినట్లు ధ్రువీకరించవలెను."

కింద డైరెక్టరు సంతకం ఉంది. సంతకం ఆయనదే. సంతకం పెట్టిన కాగితం చదివే అలవాటు మాత్రం ఆయనకు లేదని శాఖలో అందరికీ తెలుసు.

షంషాద్ ఫోను తీసి కార్యాలయంలో సూపరింటెండెంటు గురుమూర్తిని పట్టుకుంది.

"ఈతలు వాయిదా వెయ్యమన్నారేంటండీ? ఎలా వెయ్యాలి?"

"అది సాంకేతిక విషయం మేడమ్. మీరే నిపుణులు. మేము విధానం వరకే చెబుతాం."

"గొర్రె ఆగదండీ!"

"ఎందుకు ఆగదు? మీరు సకాలంలో తెలియజేశారా?"

"గొర్రెకా?"

"వ్యంగ్యం వద్దు మేడమ్. ఇక్కడ ఫైలు నడుస్తోంది. చూలు అనధికారమైనదని తేలింది కాబట్టి, అనధికారం చేసిందెవరో తేలాలి. ప్రభుత్వ గొర్రెలు ప్రభుత్వ ఆస్తి. ఆస్తిని అనుమతి లేకుండా వాడుకున్నారు. రేపు విచారణాధికారి వస్తున్నారు. సహకరించండి."

మర్నాడు జీపులో విచారణాధికారి శేషాచలపతి గుమస్తాతో సహా దిగాడు. సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ చెదరని మనిషి. శాఖ ట్రాక్టర్లలో డీజిలు దొంగిలించిన వాళ్లను పట్టుకోవడంలో పేరు పొందాడు. గొర్రెను ఇంత దగ్గరగా చూడటం ఆయనకు అదే మొదలు. ఆ విషయం దాచడానికి ఆయన ప్రయత్నించలేదు.

"నాకు ట్యాంకు ఏదైనా ఒకటే డాక్టర్ గారూ. నిండిందంటే ఎవరో నింపారు. ఎవరు?"

"సార్, పట్టా పొట్టకింద లేకపోవడం వల్ల..."

"అది పరిస్థితి. నేను అడుగుతున్నది వ్యక్తి."

"వ్యక్తి అంటే, పొట్టేళ్లు ఉన్నాయి కదా సార్."

"ఆ, ఇప్పుడు దారికొచ్చారు. అన్నీ చేశాయా, ఒకటే చేసిందా?"

"అలా చెప్పడం కష్టం సార్."

"డీజిలు కేసులో కూడా మొదట అందరూ ఇదే అంటారు" అన్నాడు శేషాచలపతి. "గుర్తింపు కవాతు పెడదాం."

పొట్టేళ్లన్నిటినీ గోడవారగా వరసలో నిలబెట్టారు. ఆడగొర్రెలను ఒక్కొక్కటిగా వదలాలి. గొర్రె ఎవరి దగ్గరకు వెళ్లి ఆగితే వాళ్లే అనుమానితులు. ఆ పద్ధతిని ఆయన గంభీరంగా అందరికీ వివరించి, గుమస్తా చేత రాయించి, చెయ్యి ఊపాడు.

మొదటి గొర్రె వచ్చింది. పొట్టేళ్ల వరసను చూసింది. తల తిప్పుకుని నేరుగా శేషాచలపతి దగ్గరకు వెళ్లి, ఆయన ప్యాంటు జేబులో మూతి పెట్టింది.

"వెనక్కి తోలు!" అన్నాడాయన.

రెండోది వచ్చింది. అదీ ఆయన దగ్గరకే పోయింది. మూడోది రావడం కాదు, పరిగెత్తింది. ఇక అడ్డుకట్టెలు తోసుకుని మిగతా మందంతా వచ్చిపడింది. చూలు గొర్రెలన్నీ విచారణాధికారిని చుట్టుముట్టి మెడలు చాచి అరుస్తుంటే ఆయన నీళ్లతొట్టి గట్టు మీదికి ఎక్కాడు.

"సార్ జేబీలో ఏమన్నా ఉండాదా?" అని అడిగాడు ఉజ్జినప్ప.

ఉంది. షుగరు పడిపోతే నోట్లో వేసుకోవడానికి శేషాచలపతి ఎప్పుడూ వేరుశనగ చిక్కీ దగ్గర పెట్టుకుంటాడు.

గుమస్తా కలం పట్టుకుని వినయంగా నిలబడ్డాడు. "సార్, పద్ధతి ప్రకారం అయితే ఇప్పుడు నేను... మీ పేరు..."

"కొట్టెయ్! కవాతు రద్దు. సాక్షులు ప్రలోభానికి లోనయ్యారు అని రాయి."

గొర్రెల వల్ల కాదని తేలాక, మిగిలింది పొట్టేళ్లను నేరుగా విచారించడం. శేషాచలపతి కుర్చీ వేయించుకుని ఒక్కోదాన్నీ ఎదుట నిలబెట్టించాడు. ఉద్యోగి తప్పు చేస్తే కళ్లల్లో తెలిసిపోతుందని ఆయన నమ్మకం. చిన్న పొట్టేళ్లు బెదిరి అరిచాయి. ఆయన వాటిని పంపేశాడు. పాలెగాడి వంతు వచ్చింది.

అది ఆయన కళ్లల్లోకి చూసింది. ముందుకాలితో నేలను ఒక్కసారి తన్నింది. తర్వాత తాపీగా తల పక్కకు తిప్పుకుంది.

"చూశారా డాక్టర్ గారూ? పశ్చాత్తాపం లేదు."

"దానికి ఆకలేసిందేమో సార్."

"సంజాయిషీ నోటీసు అంటించండి."

నోటీసు దొడ్డి తలుపుకు అంటించారు. మైదా జిగురు ఇంకా ఆరలేదు. పాలెగాడు ముందు అంచు నాకింది, తర్వాత మొత్తం నమిలి మింగేసింది.

"నోటీసు అందుకున్నాడు" అన్నాడు శేషాచలపతి గుమస్తాతో. ఒక్క క్షణం ఆలోచించి, "సాక్ష్యాన్ని నాశనం చేశాడు అని కూడా రాయి" అన్నాడు.

సాయంత్రానికి ఆయన తీర్పు సిద్ధమైంది. వరండాలో నిలబడి చదివి వినిపించాడు. "ప్రభుత్వ ఆస్తియైన గొర్రెలను అనుమతి లేకుండా చూలు కట్టించినందులకు పాలెగాడు అను పొట్టేలుకు విత్తులు కొట్టించి, వేలము వేయవలెను. సదరు శస్త్రచికిత్స ఫారం డాక్టరే నిర్వహించవలెను."

వేలం అంటే కసాయి కత్తి. ఆ పొట్టేలు పోతే దాని వంశం ఆ ఫారంలో ముగిసినట్టే. దాని కొడుకులన్నిటినీ శాఖ ఎప్పటికప్పుడు ఇతర జిల్లాలకు పంచేసింది. ఇప్పుడు కడుపుల్లో ఉన్నవి రోహిణి ఎండకు నిలుస్తాయన్న నమ్మకం లేదు. ఈ పని చెయ్యాల్సింది తన చేతులే. షంషాద్ వరండా మెట్ల దాకా వెళ్లింది.

"సార్, దీని వెనక ఇంకెవరైనా ఉన్నారని తేలితే?"

శేషాచలపతి కళ్లజోడు పైనుంచి చూశాడు. "డీజిలు కేసులో కొళాయి తిప్పినవాడు దొరికితే డ్రైవర్ని వదిలేస్తాం. ఇక్కడా అంతే. కానీ ఆ మనిషి స్వయంగా ఒప్పుకోవాలి. మీ ఊహలు నాకొద్దు. నేను రెండ్రోజులు ఇక్కడే ఉంటాను. పని ముగిశాకే వెళతాను."

విత్తులు నొక్కే పట్టకారు విరిగిందని షంషాద్ చెప్పింది. కార్యాలయం జీపులో కొత్తది పంపింది. మత్తుమందు లేదంది. అదీ వచ్చింది. దాణాకోసం ఉత్తరాలు రాస్తే కదలని కార్యాలయం, పొట్టేలు విత్తుల విషయంలో గంటల మీద కదులుతోంది.

మర్నాడు పొద్దున్నే ఆమె పాలెగాడి పక్కన కూర్చుంది. ఉజ్జినప్ప కొంచెం దూరంలో బీడీ ఆర్పేశాడు.

"నాదే తప్పు డాక్టరమ్మా. ఆ పొద్దు ఒక్క మాట అనింటే..."

"ఉజ్జినప్పా, నిజం చెప్పు. ఎవరేం అడిగినా నువ్వు అవును సార్ అంటావా?"

"అవును మేడమ్."

షంషాద్ నవ్వింది. అంతలోనే నవ్వు ఆపి లేచి నిలబడింది. ఆమెకు దారి దొరికింది.

ఆ మధ్యాహ్నం ప్రధాన కార్యాలయానికి ఆమె ఇంకో ఉత్తరం పంపింది. ఈసారి ఫిర్యాదు లేదు. చలికాలంలో ఇన్ని గొర్రెలు చూలు కట్టడం ఫారంలో మునుపెన్నడూ జరగలేదని, దీనికంతటికీ పొట్టేళ్లకు తొడిగిన కోటే కారణమని, ఆ కోటు ఆలోచన కాపరి ఉజ్జినప్పదని, అతని పేరును శాఖ పురస్కారానికి పంపాలని కోరింది. ప్రతిని డైరెక్టరు గారి స్వంత కార్యదర్శికి చదివి వినిపించమని గురుమూర్తికి ఫోను చేసి మరీ చెప్పింది.

"ఉజ్జినప్పదా?" అన్నాడు గురుమూర్తి అనుమానంగా.

"ఆయనే ఒప్పుకుంటున్నాడండీ."

మర్నాడు ఎండ ఎక్కకముందే ఫారం గేటు ముందు తెల్లకారు ఆగింది. డైరెక్టరు కోదండపాణి దిగాడు. ఖద్దరు చొక్కా, మెడలో చేనేత కండువా, ముఖం నిండా అవమానం.

"ఎక్కడా కాపరి?"

ఉజ్జినప్ప వచ్చి చేతులు కట్టుకున్నాడు.

"ఏమయ్యా! కోటు ఆలోచన నీదా?"

"అవును సార్."

"ఎంత ధైర్యం! నాది కాదూ?"

"అవును సార్."

"నీదా? నాదా?"

"అవును సార్."

కోదండపాణి కండువా గుప్పిట్లో నలిపాడు. వరండాలో విచారణాధికారి కుర్చీలోంచి లేచి నమస్కారం పెట్టాడు. ఎదుట బల్ల మీద గుమస్తా కాగితాలు విప్పి ఉన్నాయి.

"మీరు దేనికొచ్చారిక్కడికి?" అన్నాడు డైరెక్టరు.

"ఈ గొర్రెల చూలుకు బాధ్యులెవరో తేల్చడానికండి. తమరి సంతకంతోనే నియమించారు."

"బాధ్యులు" అన్న మాట కోదండపాణి చెవిలో పురస్కారంలా మోగింది. షంషాద్ ఒక అడుగు ముందుకు వేసింది.

"సార్, విచారణలో ఇప్పటివరకు పాలెగాడి పేరు, ఉజ్జినప్ప పేరు మాత్రమే వచ్చాయి. తమరి పేరు ఎక్కడా లేదు."

"నా పేరు లేదా!"

"లేదు సార్. నేను మొదట్లో రాశాను. కార్యాలయం వాళ్లు కొట్టేశారు."

కోదండపాణి ముఖం ఎర్రబడింది. పక్కనే నిలబడ్డ స్వంత కార్యదర్శి నేలచూపులు చూశాడు.

"కుట్ర" అన్నాడు డైరెక్టరు. "చేనేత శాఖలో కూడా నాకు ఇలాగే జరిగింది. శేషాచలపతీ, రాసుకోండి. నా వాంగ్మూలం ఇస్తాను."

శేషాచలపతి కలం తీశాడు. డీజిలు కేసుల్లో ఎవరూ ఇలా తమంతట తాము నడిచి రాలేదు.

"స్వచ్ఛందంగానే ఇస్తున్నారా అండి?"

"ఎవరు బలవంతపెట్టగలరు నన్ను?"

"ఆ పట్టా ముందు ఎక్కడ ఉండేదండి?"

"పొట్టకింద. అసహ్యంగా వేలాడుతూ. అది అక్కడ ఉన్నన్నాళ్లూ చలికాలంలో ఈ ఫారంలో ఏం జరిగింది? డాక్టర్ గారూ, మీరే చెప్పండి."

"ఒక్క గొర్రె కూడా చూలు కట్టలేదు సార్" అంది షంషాద్, ప్రతి అక్షరం నిజంగా.

"విన్నారా? ఒక్కటి కూడా! దాన్ని పైకి మార్చాక?"

"అన్నీ కట్టాయి సార్."

"మరి మేతేది వీటికి? ఇంత గొప్ప ఫలితం వస్తే ఎండుపుల్లలు పెడతారా? ఈతల దాకా దాణా, కట్టె, పందిళ్లు, ఏం కావాలో అన్నీ ఇవాళే పంపండి." ఆయన కార్యదర్శి వైపు చెయ్యి విసిరాడు. అక్కడికక్కడే కాగితం తయారైంది. ఈసారి కూడా చదవకుండానే సంతకం పెట్టాడు. షంషాద్ ఆ కాగితాన్ని ఆయన చేతిలోంచి అందుకుని రెండు చేతులతో పట్టుకుంది.

"చివరి ప్రశ్న అండి" అన్నాడు శేషాచలపతి. "ఇందులో పాలెగాడి ప్రమేయం?"

"ఆ పొట్టేలా? దానికేం తెలుసు! అది నేను చెప్పినట్టు నిలబడింది, అంతే. దాని పేరు తీసెయ్యండి."

గుమస్తా ఒక పేరు కొట్టేసి, ఇంకో పేరు రాసుకోవడానికి సిద్ధంగా కలం ఎత్తి పట్టుకున్నాడు. పట్టకారు పెట్టె మీద కూర్చున్న ఉజ్జినప్ప ఎందుకో తలగుడ్డతో మూతి మూసుకున్నాడు.

కోదండపాణి లేచి నిలబడి, గొంతు సవరించుకుని, కండువా భుజం మీదికి వేసుకున్నాడు.

"ఉన్నదున్నట్టు, అక్షరం పొల్లుపోకుండా రాయండి. ఆ పట్టాను నేనే దగ్గరుండి విప్పించాను. అప్పుడు నన్నెవరూ ప్రేరేపించలేదు, ఇప్పుడు నన్నెవరూ బెదిరించలేదు. ఈ ఫారంలో చూలు కట్టిన ప్రతి గొర్రెకూ కారకుణ్ణి నేనే. నేనొక్కణ్ణే. అవకాశం ఇస్తే రాష్ట్రంలో ఉన్న గొర్రెలన్నిటికీ ఇదే చేస్తాను. సంతకం ఎక్కడ పెట్టాలి?"